నాలుగు వేళ్ల సందు

గోధుమ పొలాల దగ్గర, కోత మిషను నీడలోంచి
కోతలు మొదలైన రెండో వారం

వదినగారికి,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటారేమో. మా ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోనూ మీ తమ్ముడి జేబులోనే ఉంటుంది. మీతో మాట్లాడతానంటే స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటారు. ఈ డీజిల్ ట్యాంకర్ డ్రైవరు వారం వారం మీ షాపు ముందు నుంచే వెళ్తాడట. అతని చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వండి.

ఈ కోత మిషను నడిపే పనికి వస్తూ నన్ను వంటకని తీసుకొచ్చారు. వచ్చిన మూడో రోజునే, "వంటయ్యాక ఖాళీయే కదా, ఈ రేడియేటర్ కాస్త దులిపెయ్" అన్నారు. కాస్తేనట. కుట్టు మిషను ముందు కూర్చుని బతికినదాన్ని, దులపడమంటే గుడ్డ దులిపినట్టే అనుకున్నాను. రేడియేటర్ ముందుండే జల్లెడ తలుపు తీయగానే బుట్టెడు పొట్టు నా నెత్తిన పడింది. మెడలోంచి దిగి నడుం దాకా పోయింది. రెండుసార్లు స్నానం చేసినా దురద పోదు. గోళ్ల కింద నల్లటి జిడ్డు. చచ్చిన పురుగులు, మిడతల కాళ్లు, రెక్కలు, అన్నీ వేడికి కలిసిపోయి ఒక ముద్ద. నిన్న ఆ రేకుల మధ్య తొండ ఒకటి దొరికింది. సగం ఎండింది, సగం ఉడికింది. లాగితే తోక నా చేతికొచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది. అదే చేత్తో కూరగాయలు తరగాలి. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన ముక్కులోంచి పోవడం లేదు.

ఆయన మాత్రం దుమ్ము రాని వైపు నిలబడి, కర్రతో "అక్కడ, ఇంకా పైన" అని చూపిస్తారు.

ఇంత చేసినా మధ్యాహ్నానికి ఇంజను వేడి చూపించే ముల్లు ఎరుపులోకి వెళ్తోంది. బండి ఆపాల్సి వస్తోంది. ఓనరుకి ఫోన్ చేసి ఆయన ఏం చెప్పారో మీకు తెలియాలి. "మా అక్క షాపులో రేడియేటర్ చిల్లులకి మాటు సరిగ్గా వేయలేదండీ, సొంత అక్కని ఏమనగలం" అన్నారు. ఇక ముందు ఆ షాపుకి పని ఇవ్వనని ఓనరు అన్నాడు.

అడక్కూడదు గానీ అడుగుతున్నాను. మీ పనిలో నిజంగానే లోపం ఉందా? లేకపోతే దీన్ని ఎలా శుభ్రం చేయాలో నాకు రాయండి. ఇక్కడ అడుగుదామంటే తెలిసినవాళ్లు లేరు. తెలిసినాయన చెప్పరు.

మీ మరదలు


రేడియేటర్ షాపు, వెనక గది

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. ఎవరి మీదో తర్వాత రాస్తాను.

ఆ రేడియేటర్‌కి ఏడు చోట్ల మాటు వేశాను. తొట్టిలో ముంచి, గాలి పట్టించి, ఒక్క బుడగ కూడా లేదని చూసుకున్నాకే పంపాను. మాటు ఊడితే నీళ్లు కారతాయి. బండి కింద నేల తడిగా ఉందా? లేకపోతే నా పనికి వంక పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు. మా నాన్న పోయాక ఇరవై రెండేళ్లుగా ఈ తొట్టి ముందే కూర్చున్నాను. నా మాటు ఊడిందని ఒక్కసారి తప్ప ఎవరూ అనలేదు.

ఇప్పుడు పని చెప్తాను, జాగ్రత్తగా చదువు. ఇంజను ఆపి అరగంట చల్లారనివ్వు. తొందరపడి మూత తిప్పావంటే ముఖం కాలుతుంది. ఫ్యాన్ గాలిని బయటి నుంచి లోపలికి లాగుతుంది, పొట్టు ఆ దారినే వచ్చి ఇరుక్కుంటుంది. కాబట్టి నువ్వు ఇంజను వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. బయటి నుంచి కొట్టావంటే దాన్ని ఇంకా లోపలికి కుక్కినట్టే. గాలి పైపు జానెడు దూరంలో, తిన్నగా పట్టుకో. పక్కకి వంచి కొడితే రేకులు మడత పడతాయి. స్క్రూడ్రైవరుతో పొడిచావో, ఇక నాకు ఉత్తరం రాయకు. జిడ్డు పట్టిన చోట సబ్బునీళ్లు పోసి పావుగంట నానబెట్టు.

అసలు సంగతి ఇంకోటుంది. ముందున్న చిన్న రేడియేటర్ ఆయిల్‌ది. కింద రెండు బోల్టులు విప్పితే తలుపులా తెరుచుకుంటుంది. దానికీ వెనకున్న పెద్దదానికీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంటుంది. బయటికి కనపడదు. ఎన్నాళ్లు దులిపినా లాభం లేనిది అందుకే. అక్కడ చూడు.

మెత్తటి బ్రష్ ఒకటి, స్పానర్ ఒకటి పంపుతున్నాను.

మా చిన్నాడి మీద కోపం పెట్టుకోకు. వాడికి పసితనం నుంచీ దుమ్ము పడదు, ఆయాసం. వాడి బదులు నువ్వు చేస్తున్నావనుకో. వేడెక్కినప్పుడు బెల్లు మోగుతోందా లేదా, అది మాత్రం రాయి.

వదిన


గోధుమ పొలాల చివర, గోదాము వరండా నుంచి
నాలుగో వారం

వదినగారికి,

బండి కింద నేల పొడిగానే ఉంది. నేను అడిగిన తీరుకి ఏమీ అనుకోకండి.

మీరు చెప్పిన బోల్టులు విప్పాను. చిన్న రేడియేటర్ తెరుచుకోగానే వచ్చిన వాసనకి రెండడుగులు వెనక్కి వేశాను. ఆ సందు నిండా పొట్టు అట్టలా గట్టిపడి ఉంది. ఈ ఏడాదిదే కాదు. పైన పచ్చగా, దాని కింద గోధుమరంగు, ఇంకా కింద బూజు పట్టి నలుపు. చేత్తో పెళ్లగిస్తే పలకలు పలకలుగా వచ్చింది. మధ్యలో ఎలుక గూడు. గూట్లో ఏమున్నాయో రాయను. ఆ పూట నేను అన్నం తినలేదు. రెండు బస్తాలు నిండాయి.

మర్నాడు ముల్లు మధ్యలోనే నిలబడింది. మూడు రోజులు బాగా నడిచింది. నాలుగో రోజు మళ్లీ పైకి. జల్లెడ తలుపు అంచున ఉండాల్సిన రబ్బరు పట్టీ ఊడిపోయింది, పొట్టు ఆ అంచు నుంచి జొరబడుతోంది. పాత దుప్పటి చించి, మూడు మడతలు వేసి, దబ్బనంతో కుట్టి చుట్టూ బిగించాను. ఇది మాత్రం నాకు తెలిసిన పని. ఇప్పుడు గింజంత పొట్టు కూడా వెళ్లడం లేదు.

ఓనరు వచ్చి చూశాడు. "ఎవరిదీ ఆలోచన?" అన్నాడు. "నేనే చెప్పి చేయించానండీ" అన్నారు ఈయన. ఓనరు భుజం తట్టాడు. నేను పక్కనే బస్తా దులుపుతున్నాను. నోట్లోకి వచ్చిన పొట్టు ఉమ్మేశాను. ఇద్దరూ అటు తిరిగి చూశారు.

ఆయాసం సంగతి మీరు రాశాక గమనిస్తున్నాను. పెళ్లై మూడేళ్లైంది, ఒక్కరోజు కూడా ఆయన ఆయాసపడటం చూడలేదు. క్యారేజీ తీసుకెళ్తే పొలానికి అడ్డంపడి పరిగెత్తుకొస్తారు.

బెల్లు ఎప్పుడూ మోగలేదు. అడిగాను. ఈ బండికి బెల్లే లేదన్నారు.

మీ మరదలు


రేడియేటర్ షాపు

అమ్మాయీ,

ఆ బండికి బెల్లు ఉంది. వేడిని పసిగట్టే దాని బుడిపెను రేడియేటర్ పై తొట్టికి బిగించింది నేనే. మరిగే నీళ్లలో పెట్టి మోగించి చూశాను, షాపు బయట నిలబడ్డవాళ్లు చెవులు మూసుకున్నారు.

వాడిని ఇంకేమీ అడగకు. వాడు భోజనానికి దిగినప్పుడు క్యాబిన్‌లోకి ఎక్కి సీటు కింద, ఎడమ పక్క, రబ్బరు చాప ఎత్తి చూడు. రెండు వైర్లు జంటగా పోతుంటాయి. ఏం కనిపించిందో రాయి.

దుప్పటి పట్టీ బాగా కుట్టావు. డీజిల్ తగలనివ్వకు.

వదిన


పొద్దుతిరుగుడు పొలాల నుంచి
ఏడో వారం

వదినగారికి,

చూశాను. వైరు కోసి ఉంది. రెండు కొసలకీ నల్ల టేపు చుట్టారు. టేపు కత్తెరతో కోసింది కాదు, పళ్లతో తెంపింది. మీ తమ్ముడు టేపు ఎలా తెంపుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ టేపు మీద ఏడాది దుమ్ము ఉంది.

అడగొద్దన్నారు గానీ అడిగాను. నవ్వారు. "ఆ గోల వింటుంటే తల పగిలిపోతుంది. అయినా నువ్వున్నావుగా, నువ్వే నా బెల్లు" అన్నారు.

ఊరికే అనలేదు. ఇంజను పక్కన నిచ్చెన దగ్గర మనిషి నిలబడేంత చోటు ఉంది. బండి నడుస్తుండగా నన్ను అక్కడ నిలబడమంటున్నారు. ఆవిరి గానీ పొగ గానీ కనిపిస్తే క్యాబిన్ వెనక అద్దం మీద కొట్టాలట. ఐదు రోజుల నుంచి కొడుతూనే ఉన్నాను. ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో బ్రష్. పొద్దుతిరుగుడు పొట్టు గోధుమ పొట్టులా కాదు. నూనె నూనెగా, మసిలా ముఖానికి అంటుకుంటుంది, తుడిస్తే ఇంకా పులుముకుంటుంది. సైలెన్సర్ పక్కన అది గుట్టగా పడి కమురు వాసన కొడుతుంది. పనివాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు. మొన్న ఒకతను, "డ్రైవరుగారి బెల్లు ఇవాళ ఎక్కలేదే" అన్నాడు. ఆయనా నవ్వారు.

ఇప్పుడు మిమ్మల్నొకటి అడగాలి. సీటు కింద అన్నారు. ఎడమ పక్క అన్నారు. చాప ఎత్తి చూడమన్నారు. ఇక్కడ నిలబడి చూసినట్టు ఎలా రాశారు? మీకు ముందే తెలుసా?

మీ మరదలు


రేడియేటర్ షాపు, తలుపు వేసుకుని

అమ్మాయీ,

తెలుసు.

ముందు ఆ నిచ్చెన దిగు. ఈ ఉత్తరం సగంలో ఆపి దిగు. వాడు తిట్టినా, పదిమందిలో అరిచినా ఎక్కకు.

నువ్వు రాకముందు వాడు రెండు బండ్లు నడిపాడు. మొదటిదాని ఇంజను వేడెక్కి పట్టేసింది. ఎండాకాలం కదా, అలా అవుతుందిలే అనుకున్నాం. రెండోదానికి నిప్పంటుకుంది. దాని వెనక కూడా ఒక మనిషి నిలబడేవాడు. ముసలాయన, జల్లెడ దులపడానికి పెట్టుకున్నారు. మంట చూసి దూకేశాడు. తుంటి ఎముక విరిగింది. కాలిన బండిని విప్పింది నేనే. సీటు కింద, ఎడమ పక్క, చాప ఎత్తితే తెగిన వైరు, పళ్లతో తెంపిన టేపు.

విచారణకి వచ్చినవాళ్లు నన్ను అడిగారు. నా మాటు ఊడి నీళ్లు కారిపోయాయని, తప్పు షాపుదేనని రాసి సంతకం పెట్టాను. ఒక్కసారి తప్ప ఎవరూ అనలేదని మొదటి ఉత్తరంలో రాశానే, ఆ ఒక్కసారి అన్నది నేనే. వాడు అప్పుడు నా పక్కన కూర్చుని ఏడ్చాడు. మళ్లీ చేయనన్నాడు. ఇప్పుడు అదే అబద్ధం వాడి నోట్లో ఎంత సులువుగా పలుకుతోందో చూశావా. నేర్పింది నేనే.

మూడు నెలల తర్వాత మీవాళ్లు సంబంధం మాట్లాడటానికి వచ్చారు. మీ అన్నయ్య నన్ను పక్కకి పిలిచి, "అబ్బాయి ఎలాంటివాడు" అని అడిగాడు. "మావాడు బంగారం" అన్నాను.

ఆయాసం కూడా అబద్ధమే. చిన్నప్పుడు బడికి వెళ్లనని ఏడిస్తే, ఆయాసమని సెలవు చీటీ రాసిచ్చేదాన్ని. ఆ మాట అలా నిలిచిపోయింది. కొన్నాళ్లకి నేనే నమ్మాను.

నిన్న అద్దంలో ముఖం చూసుకోవడానికి కూడా రోత పుట్టింది. దిగు, వచ్చెయ్.

వదిన


పొద్దుతిరుగుడు పొలాల నుంచి
తొమ్మిదో వారం

వదినగారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. మంట మొన్న లేచింది.

నేను నిచ్చెన మీదే ఉన్నాను. సైలెన్సర్ కింద పొట్టు ముందు ఎర్రబడింది, పొగ కూడా లేదు. తర్వాత ఒక్కసారిగా అంటుకుంది. అద్దం మీద కొట్టాను. రోజూ కొడుతుంటే ఇది కూడా అలాంటిదే అనుకున్నారో, పాటలు పెట్టుకున్నారో, ఆగలేదు. బండి నడుస్తుండగానే దూకాను. చేతులు గీరుకుపోయాయి, అంతే. నాకు ఏ ఎముకా విరగలేదు, మీరు ఆ విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు. పరిగెత్తి బండికి ముందుకెళ్లి బ్రష్ విసిరి అద్దాన్ని కొట్టాను. అప్పుడు ఆగింది.

మీ తమ్ముడు దిగాడు, మంట చూశాడు, రోడ్డు దాకా పరిగెత్తాడు. ఇంజను ఆపలేదు. ఆ ఫ్యాన్ మంటని లోపలికి లాగుతూనే ఉంది. నేనే ఎక్కి తాళం తిప్పాను, మంటలార్పే ఎర్ర సిలిండర్ తీసి అయిపోయేదాకా కొట్టాను. పక్క పొలంవాళ్లు పారలతో మట్టి పోశారు. బెల్టులు, వైర్లు కాలిపోయాయి. బండి దక్కింది.

సాయంత్రం ఓనరు వచ్చాడు. రేడియేటర్ షాపు పనే అన్నాడు మీ తమ్ముడు. నేను చాప ఎత్తి వైరు చూపించాను.

"ఇది ఎవరు కోశారు?" అన్నాడు ఓనరు.

"నాకేం తెలుసండీ. ఇంజను దగ్గర తిరిగేది ఆవిడే కదా."

ఆవిడ. మూడేళ్లు వండిపెట్టిన మనిషిని అన్నాడు ఆ మాట. నా ముఖం మీద మసి ఇంకా పోలేదు.

ఓనరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆలుమగల తగవులో ఎవరి మాట నమ్మను? ఆ అక్క వచ్చి తమ్ముడి మీద చెప్తే అప్పుడు నమ్ముతాను" అన్నాడు.

మీ ఉత్తరం నా దగ్గరే ఉంది. చూపిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. చూపించను. మీరు నోటితో చెప్పండి. బంగారం అన్న నోటితోనే చెప్పండి. మీ తమ్ముడి మీద నాకు అసహ్యం వేసిందంటే అర్థం ఉంది. మీరు అన్నీ తెలిసీ బ్రష్ పంపారు. వాడి బదులు చేస్తున్నాననుకోమని రాశారు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో.

ఇట్లు


రేడియేటర్ షాపు
పదకొండో వారం

అమ్మాయీ,

వెళ్లాను. కాలిన పాత బండి సంగతితో సహా అంతా చెప్పాను.

ఓనరు నవ్వాడు. "అప్పుడు మాటు ఊడిందని సంతకం పెట్టింది నువ్వే కదమ్మా."

"నేనే. అది అబద్ధం."

"మరి ఇప్పుడు చెప్పేది నిజమని నేనెలా నమ్మను?"

ఆ కాలిన రేడియేటర్ నాలుగేళ్లుగా నా అటక మీదే ఉంది. పాతసామాన్ల వాడికి వేయడానికి చేతులు రాలేదు. దాన్ని ఆటోలో వేసుకుని వెళ్లాను. ఓనరు ముందే తొట్టిలో ముంచి గాలి పట్టించాను. ఒక్క బుడగ రాలేదు. మాట్లన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. రేకుల మధ్య పొట్టు బొగ్గై ఉంది. ఆయన ఆ బొగ్గుని వేలితో గీకి చూశాడు. "ఇన్నాళ్లూ నీ పనిని నువ్వే తిట్టుకున్నావన్నమాట" అన్నాడు.

వాడిని పనిలోంచి తీసేశాడు. నాకు కూడా పని ఇవ్వనన్నాడు, అబద్ధం సంతకం పెట్టే చేతికి ఇవ్వనని. ఈ సంగతి పాకి ఇంకో ఇద్దరు కూడా సామాను వెనక్కి తీసుకెళ్లారు. తీసుకెళ్లనీ.

ముసలాయన ఇంటికి కూడా వెళ్లాను. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. "నాకు తెలుసమ్మా. ఆ రోజు బెల్లు మోగలేదు. నాకు తుంటి విరిగింది గానీ చెవులు పోలేదు" అన్నాడు. కూర్చోమని అనలేదు. నేను నిలబడే తిరిగొచ్చాను.

చిన్నాడు షాపుకి వచ్చాడు. "సొంత అక్కవై ఉండి నా కడుపు కొట్టావు" అన్నాడు. నీ గురించి ఒక్క ముక్క అడుగుతాడేమోనని చూశాను. తన చొక్కాలు ఎక్కడున్నాయని అడిగాడు. తొట్టి చూపించి, రేడియేటర్లు కడుగుతావా అన్నాను. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు. ఈసారి వెనక్కి పిలవలేదు.

వెనక గది ఖాళీ చేశాను. నీ కుట్టు మిషనుకి కిటికీ పక్కన చోటుంది. వస్తే సంతోషిస్తాను. రాకపోతే ఎందుకని అడగను.

వదిన


గోదాము వెనక వీధి, మేడ మీద గది
కోతలు అయిపోయిన వారం

వదినగారికి,

మీరు వచ్చి చెప్పిన సంగతి ఓనరు నాతో అన్నాడు. ఆ అబద్ధం రాసినందుకు ఆయన మిమ్మల్ని తిడుతుంటే విన్నాను, మీ తరఫున మాట్లాడాలనిపించలేదు. చెప్పడానికి వెళ్లినందుకు మాత్రం ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ ఇంటికి రాను. ఇక్కడ ఒక గది తీసుకున్నాను. గోదాములో బస్తాలు కుట్టే పని ఉంది, జల్లెడ తలుపుల పట్టీలు కూడా కుట్టిపెట్టమని మరో ఇద్దరు బండ్లవాళ్లు అడిగారు. మీ తమ్ముడు రెండుసార్లు కబురు పంపాడు. రెండోసారి కబురు తెచ్చినతను నాకేసి చూడలేక నేల చూశాడు. ఆ మనిషితో ఇక బతకనని మా అన్నయ్యకి రాసేశాను. మిమ్మల్ని క్షమించానని అనుకోకండి. అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను, మన ఇంట్లో ఆ పని ఇప్పటికే ఎక్కువైంది.

ఒక్క సంగతి చెప్పాలి. ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు.

బండి బాగయ్యాక కొత్త డ్రైవరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడడు. కోతలు అయ్యేదాకా వంట చేసిపెడతానని ఓనరుకి మాటిచ్చాను కాబట్టి నేనూ ఉన్నాను. మొదటిరోజు పదకొండింటికి బండి ఆగింది. అలవాటుగా కొంగు తలకి చుట్టుకుని గాలి పైపు కోసం వెళ్లాను. అప్పటికే ఆయన జల్లెడ తలుపు తీసి ఉన్నాడు.

"మీరు కూర్చోండమ్మా" అన్నాడు.

"నాకు అలవాటే" అన్నాను.

"అలవాటేమిటి, ఇది నడిపేవాడి పని" అన్నాడు. కోపంగా కాదు. నాకు తెలియనిది చెప్తున్నట్టు.

బోల్టులు విప్పాడు, లోపలి నుంచి గాలి కొట్టాడు, సందులో చెయ్యి పెట్టి తడిమాడు, సైలెన్సర్ చుట్టూ ఊడ్చాడు, తలుపు మూశాడు. నేను గట్టు మీద కూర్చుని అవతల కనిపించే గోదాము గడియారం చూశాను. పన్నెండు నిమిషాలు పట్టింది, వదినా. పన్నెండే. చేతులు కడుక్కుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బండెక్కాడు.

బండి వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాను. అంత కుళ్లులో చేతులు పెట్టినప్పుడు కూడా ఆపుకున్నదాన్ని, శుభ్రంగా ఉన్న రేడియేటర్ పక్కన నిలబడి ఆపుకోలేకపోయాను. చాలాసేపటికి ఆగింది. ముఖం కడుక్కున్నాను. బండి అవతలి చివరి నుంచి మలుపు తిరిగి వస్తోంది. చాలా ఆకలేసింది. అందరికంటే ముందు నేనే వడ్డించుకుని తిన్నాను.

మీ మరదలు అని రాయాలో వద్దో తెలియక, ఏమీ రాయకుండా ముగిస్తున్నాను.